డుకు అని కొంటే లంగ్సాట్ కాసింది: ఈ జాతి చెట్లను గుర్తుపట్టి పెంచడం ఎలా

మలేషియాలో, పెరాక్‌లో మా ఇంటి వెనక ఒక చెట్టు ఉంది. 'డుకు' అనే పండ్ల చెట్టని చీటీ కట్టి అమ్మిన మొక్క అది. పన్నెండో ఏట మొదటిసారి కాసింది. గెలకు ఇరవై దాకా కాయలు, కోడిగుడ్డులా కాస్త కోలగా ఉన్నాయి. తొక్క మీద గోరు పెట్టగానే పాలు కారాయి. అది డుకు కాదు, లంగ్సాట్. పండు బాగానే ఉంటుంది, తింటున్నాం. కానీ పన్నెండేళ్లు ఎదురుచూసింది దానికోసం కాదు. మీకు అలా జరగకూడదనే ఇదంతా రాస్తున్నాను.

పేర్ల గందరగోళం ఇక్కడ చాలా ఉంది. మలేషియా, ఇండోనేషియాల్లో లంగ్సాట్, డుకు అంటారు. థాయిలాండ్‌లో లోంగ్‌కోంగ్ అనేదాన్ని మలేషియాలో డోకోంగ్ అంటారు. ఫిలిప్పీన్స్‌లో అన్నిటికీ కలిపి లాంజోనెస్ అంటారు. ఇవన్నీ ఒకే జాతిలోని రకాలు. శాస్త్రీయ నామం లాన్సియం డొమెస్టికం, కొన్ని పుస్తకాల్లో లాన్సియం పారసిటికం అని కూడా ఉంటుంది. థాయి పుస్తకాల్లో అగ్లేయా డూక్కూ అని కనిపించినా కంగారు పడకండి, అదీ ఇదే.

ముందు ఆకు చూడండి

చెట్టు కింద నిలబడితే మొదట పండు కోసం తల ఎత్తుతాం. పండ్లు ఏడాదిలో కొన్ని వారాలే ఉంటాయి, ఆకు ఎప్పుడూ ఉంటుంది. కాబట్టి ఆకుతో మొదలుపెట్టండి.

ఇది వేప కుటుంబపు చెట్టు. వేప మండ గుర్తుంది కదా, ఒక ఈనెకు రెండు వైపులా చిన్న చిన్న ఆకులు ఉంటాయి. లంగ్సాట్ జాతిలోనూ అదే కట్టుబడి. కాకపోతే ఆకులు రంపపు అంచు లేకుండా నున్నగా, అరచేతి పొడవున ఉంటాయి. ఒక్కో ఈనెకు అయిదు నుంచి తొమ్మిది వరకు, ఎదురెదురుగా కాకుండా ఒకటి తప్పించి ఒకటి వస్తాయి. నమిలితే చేదు. గింజ కూడా చేదే.

ఇప్పుడు దీన్ని పోలిన చెట్లను పక్కన పెట్టాలి. ఎక్కువమందిని తికమక పెట్టేది రంబై. దాని కాయలు కూడా లేత పసుపు రంగులో గెలలుగా వేలాడతాయి. కానీ రంబై ఆకు ఒంటి ఆకు, మామిడాకులా ఒక్కో తొడిమకు ఒక్కటే. గెల పొడవుగా తాడులా జారుతుంది. అది వేప కుటుంబం కాదు, ఉసిరి కుటుంబం. అస్సాంలో లెతెకు అని అమ్మే పండు, పడమటి కనుమల్లో మొదలు మీద ఎర్రగా కాసే మూటిపళం కూడా రంబైకి దగ్గర చుట్టాలే. ఈ గుంపులో మగ చెట్టు, ఆడ చెట్టు వేరువేరుగా ఉంటాయి. ఒక్క మొక్క నాటి అది మగదైతే జీవితాంతం నీడే మిగులుతుంది. లంగ్సాట్‌కు ఆ బాధ లేదు, ఒంటరి చెట్టూ కాస్తుంది.

ఇంకొకటి సంతోల్. మలయ్‌లో సెంతుల్ అంటారు, కౌలాలంపూర్‌లో ఉన్నవాళ్లకు ఆ పేరుతో పేటే తెలుసు. ఇదీ వేప కుటుంబమే. దాని ఆకు మారేడు దళంలా మూడేసి ఉంటుంది. రాలే ముందు ఆకు ఎర్రబడుతుంది. పండు బత్తాయి అంత ఉంటుంది, లోపల గింజల చుట్టూ తెల్లటి దూది లాంటి గుజ్జు.

ఈనెకు అయిదు నుంచి తొమ్మిది ఆకులుంటే లంగ్సాట్ జాతి, మూడు ఉంటే సంతోల్, ఒంటి ఆకైతే రంబై గుంపు. ఈ లెక్క ఒక్కటి తెలిస్తే సగం మోసాలు గుమ్మం దగ్గరే ఆగిపోతాయి.

తర్వాత గెల, ఆ తర్వాత గోరు

లంగ్సాట్ జాతే అని తేలాక రకం తేల్చాలి. ఇక్కడ పండు చేతిలో ఉండాల్సిందే.

గెల ఎత్తి కాయలు లెక్కపెట్టండి. లంగ్సాట్ గెలకు పదిహేను నుంచి ఇరవై అయిదు కాయలు ఉంటాయి, కాస్త కోలగా, పల్చటి తొక్కతో. డుకు గెల పొట్టిది, నాలుగు నుంచి పన్నెండు కాయలే ఉంటాయి. అవి గుండ్రంగా పెద్దవిగా, తొక్క మందంగా ఉంటాయి. లోంగ్‌కోంగ్ గెల మొక్కజొన్న కంకిలా కిక్కిరిసి ఉంటుంది, కాయలు ఒకదాన్నొకటి ఒత్తుకుని కొన్ని పలకలు తేలతాయి.

ఇప్పుడు తొక్కను గోటితో గిల్లండి. పండిన కాయ నుంచి కూడా తెల్లటి పాలు వచ్చి వేలికి బంకలా అంటుకుంటే లంగ్సాట్. డుకు, లోంగ్‌కోంగ్ బాగా పండితే పాలు దాదాపు ఉండవు. గిల్లడం పండిన కాయనే గిల్లాలి. పచ్చికాయ ఏ రకమైనా పాలు కారుస్తుంది, దాన్ని చూసి తీర్పు చెప్పకూడదు.

ఒలిచి చూస్తే లోపల వెల్లుల్లి పాయల్లా అయిదు తొనలు ఉంటాయి, గాజులా మెరుస్తూ. లంగ్సాట్‌లో ఒకటి నుంచి మూడు తొనల్లో పచ్చటి గింజ ఉంటుంది. తీపి, పులుపు రెండూ ఉంటాయి. డుకులో గింజ ఉన్నా చుట్టూ కండ ఎక్కువ. లోంగ్‌కోంగ్‌లో చాలా కాయలకు గింజే ఉండదు. అందుకే బజారులో దానికే ధర ఎక్కువ. థాయిలాండ్ దక్షిణాన నరాతివాత్ రాష్ట్రంలోని తాన్యోంగ్ మాస్ లోంగ్‌కోంగ్‌కు పేరుపొందిన ఊరు. లంగ్సాట్ పేరు చెబితే థాయిలాండ్ ఉత్తరాన ఉత్తరదిత్, డుకు పేరు చెబితే సుమత్రాలోని పాలెంబాంగ్, ఫిలిప్పీన్స్‌లో అయితే లగూనా రాష్ట్రపు పయేతే, అక్టోబర్‌లో ఈ పండుకే పండుగ చేసే కమిగిన్ దీవి గుర్తుకొస్తాయి.

జావాలో కోకోసాన్ అని ఇంకో రకం ఉంది. ఆకు అడుగున నూగు ఉంటుంది, ముదురు పసుపు చిన్న కాయలు, తొక్క ఒలవడానికి రాదు. చిల్లు పెట్టి నొక్కి రసం పీల్చుకుంటారు, బాగా పుల్లన. పుల్లన ఇష్టపడేవాళ్లకు తప్ప నాటమని చెప్పను.

ఇక చెట్టు ఆకారం. లంగ్సాట్ నిటారుగా, సన్నగా, పల్చటి గుబురుతో పెరుగుతుంది. డుకు గొడుగులా విచ్చుకుని దట్టంగా ఉంటుంది. కానీ ఈ తేడా ఎదిగిన చెట్టులోనే తెలుస్తుంది. సంచిలో ఉన్న జానెడు మొక్కను చూసి అది డుకో లంగ్సాటో చెప్పగలనని ఎవరైనా అంటే నమ్మకండి. డుకు-లంగ్సాట్ అని రెండింటికీ మధ్య రకం కూడా ఉంది, ఎదిగిన చెట్టు దగ్గరే అది ఇబ్బంది పెడుతుంది. కాబట్టి మొక్కను చూసి కొనవద్దు, తల్లిచెట్టును చూసి, వీలైతే దాని పండు తిని కొనండి.

మీ నేలకు పడుతుందా?

ఈ చెట్టుకు కావలసింది వేడి, తేమ, నీడ, ఆగకుండా పడే వాన. ఏటా 2000 మిల్లీమీటర్లు పైన వాన, సముద్రమట్టం నుంచి ఏడెనిమిది వందల మీటర్ల ఎత్తు లోపు, కొద్దిగా ఆమ్లగుణం ఉన్న సారవంతమైన మట్టి. నీరు నిలవకూడదు. ఎండగాలి తగిలితే ఆకు అంచులు మాడిపోతాయి.

మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి పెరాక్ తీరంలోని బగాన్ డాటు కొబ్బరి తోటల్లో పనికి వచ్చినవాళ్లు. అక్కడ వాన సరిపోతుంది కానీ సముద్రపు ఒండ్రు బంకమట్టి, నీరు ఇంకదు. అలాంటి చోట గొయ్యి తవ్వి నాటితే వేరు కుళ్లుతుంది. రెండడుగుల ఎత్తు మట్టిదిబ్బ కట్టి దాని మీద నాటాలి.

ఆంధ్ర, తెలంగాణల్లో ఉన్నవాళ్లకు ఉన్నదున్నట్టు చెబుతాను. కోస్తాలో పడే వాన ఈ చెట్టు అడిగేదానిలో సగం, మే నెల వడగాలి దానికి శత్రువు. కోనసీమలో కొబ్బరి నీడన, ఏడాది పొడవునా తడి అందే చోట ఒకటి రెండు మొక్కలు సరదాగా పెట్టి చూడండి, ఎకరాల్లో మాత్రం దిగవద్దు. తెలంగాణలో, రాయలసీమలో ఈ ప్రయత్నం వద్దనే చెబుతాను. ఇండియాలో ఇది నిలిచింది కేరళలో, నీలగిరి లోయల్లో. దీని చుట్టాల్లో ఒకటి కావాలనుకునే కోస్తా వాళ్లు సంతోల్‌తో మొదలుపెట్టడం మంచిది. అది ఎండాకాలాన్ని చాలా మేలుగా ఓర్చుకుంటుంది. దాని పండు తినేటప్పుడు మాత్రం పిల్లలు గింజ మింగకుండా చూడండి, పెద్ద గింజ పేగుకు అడ్డం పడుతుంది.

మలేషియా నుంచి ఊరికి వెళ్తూ సంచిలో గింజలు, మొక్కలు వేసుకెళ్లకండి. ఇండియాలోకి మొక్కల దిగుమతికి 2003 నాటి క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం అనుమతి, ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. కేరళ నర్సరీల్లో దొరికే మొక్కే తీసుకోండి.

గింజా, అంటా?

ఈ జాతి గింజకు ఒక విచిత్రం ఉంది. పరాగసంపర్కం లేకుండానే తల్లి కణాల నుంచే పిండం తయారవుతుంది. ఒక్కో గింజలో ఒకటికి మించి మొలకలు రావడం కూడా చూస్తాం. అందువల్ల గింజ మొక్క చాలావరకు తల్లిలాగే కాస్తుంది. మామిడి టెంకలా దారి తప్పదు. మంచి డుకు తిని దాని గింజ నాటితే మంచి డుకే వస్తుందని ఆశ పెట్టుకోవచ్చు. చిక్కు కాలంతోనే. గింజ మొక్క కాపుకు పది నుంచి పదిహేనేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. అంటు మొక్క అయిదారేళ్లకే కాస్తుంది. లోంగ్‌కోంగ్‌కు గింజే దొరకడం కష్టం కాబట్టి అంటు కట్టడమే గతి.

గింజతో చేయాలంటే పండు తిన్న రోజే చేయండి. కొబ్బరి పీచు పొట్టు, ఇసుక, మాగిన ఎరువు కలిపి సంచులు నింపి పెట్టుకోండి. గింజ మీద గుజ్జు పూర్తిగా కడిగేయండి, లేకపోతే చీమలు, బూజు పట్టుకుంటాయి. అడ్డంగా పరిచి వేలి మందం మట్టి కప్పండి. ఈ గింజ ఎండితే చచ్చిపోతుంది, వారం దాటితే మొలకలు బాగా తగ్గిపోతాయి. తడి ఆరకుండా చూస్తే రెండు మూడు వారాల్లో మొలుస్తాయి. పెద్ద గింజల్ని ఏరి వేస్తే మొక్క బలంగా వస్తుంది. మొదటి ఏడాది జానెడు పెరిగితే గొప్ప. రోజూ చూసి దిగులు పడకండి, దాని నడక అంతే.

అంటు కట్టాలంటే ఆ గింజ మొక్కలే వేరు మొక్కలు, అంటే అంటుకు అడుగున వేళ్లిచ్చేవి. కాండం పెన్సిల్ మందానికి వచ్చాక, దానికి చాలాసార్లు రెండేళ్లు పడుతుంది, చీలిక అంటు కట్టండి:

1. కాస్తున్న తల్లిచెట్టు నుంచి, చివర మొగ్గ నిద్రలో ఉన్న, అదే మందం ఉన్న కొమ్మను వేలెడు పొడవున కత్తిరించండి. ఆకులు తీసేయండి.
2. వేరు మొక్కను జానెడు ఎత్తులో అడ్డంగా కోసి, మధ్యలో అంగుళం లోతు చీల్చండి.
3. కొమ్మ అడుగును రెండు వైపులా చెక్కి మేకు మొనలా చేయండి. ఒక్కో వైపు ఒకే కత్తి వేటు పడాలి. పాలు కారితే శుభ్రమైన గుడ్డతో తుడవండి.
4. చీలికలో దింపి, కనీసం ఒక పక్కన తొక్కకు తొక్క కలిసేలా సర్ది, అంటు టేపుతో గట్టిగా చుట్టండి.
5. పైన సన్నటి ప్లాస్టిక్ సంచి తొడిగి కింద కట్టేసి, నీడలో ఉంచండి.

నెల నుంచి రెండు నెలల్లో మొగ్గ కదులుతుంది. చిగురు సంచికి తగిలాకే సంచి విప్పండి. గాలి అంటు, అంటే చెట్టు మీద ఉండగానే కొమ్మకు వేళ్లు పుట్టించడం, కూడా కొందరు చేస్తారు. వేరు రావడానికి నెలలు పడుతుంది, విడదీశాక చాలా మొక్కలు నిలవవు. నేనైతే చీలిక అంటునే కట్టమంటాను.

నాటడం, కాపు దాకా కాపాడడం

నాటే చోట ముందే నీడ ఉండాలి. కొబ్బరి, అరటి, దురియన్ ఏదైనా సరే. ఫిలిప్పీన్స్‌లో కొబ్బరి వరుసల మధ్య, మలేషియా పల్లె తోటల్లో దురియన్, మంగుస్తాన్, రంబుటాన్ల మధ్య ఇవి పెరగడం ఊరికే కాదు. చుట్టూ ఉన్న పెద్ద చెట్లే గొడుగు. నీడ లేకపోతే ఏడాది ముందే చుట్టూ అరటి పిలకలు పెట్టండి, లేదా షేడ్ నెట్ కట్టండి. లంగ్సాట్, లోంగ్‌కోంగ్‌లకు ఆరు నుంచి ఎనిమిది మీటర్ల ఎడం, డుకుకు ఎనిమిది నుంచి పది.

రెండడుగుల గొయ్యి తవ్వి పైమట్టిలో బాగా మాగిన పశువుల ఎరువు కలిపి నింపండి. పాత లంగ్సాట్ చెట్టు కింది మట్టి గుప్పెడు దొరికితే అందులో వేయండి. ఈ వేళ్లు మట్టిలోని మేలుచేసే శిలీంధ్రాల తోడుతోనే బాగా తింటాయి. సంచి విప్పేటప్పుడు మట్టిముద్ద విరగకూడదు. ఈ మొక్కకు వేరు కదిలితే ఆరు నెలలు అలుగుతుంది. పాదు చుట్టూ ఎండు ఆకులు, కొబ్బరి మట్టలు పరిచి, మొదలుకు మాత్రం బెత్తెడు దూరం వదలండి. వేళ్లు పైపైనే ఉంటాయి కాబట్టి పాదులో పలుగు వేయకండి, కలుపు చేత్తో పీకండి.

నాలుగైదేళ్లు దాటాక నీడను కొంచెం కొంచెంగా పల్చబరచండి. ఏడాదికి రెండుసార్లు సేంద్రియ ఎరువు చాలు.

పూత రప్పించడం

ఏడాదంతా వాన ఉంటే ఈ చెట్టు ఆకులే వేస్తుంది. పూతకు ఒక చిన్న దాహం కావాలి. థాయి రైతులు దీన్ని లెక్క ప్రకారం చేస్తారు. పంట కోశాక ఎండుకొమ్మలు తీసి ఎరువు వేసి కొత్త ఆకులు రప్పిస్తారు. ఆ ఆకులు ముదిరాక 8-24-24 లాంటి భాస్వరం, పొటాష్ ఎక్కువున్న ఎరువు వేస్తారు. తర్వాత నీరు ఆపేస్తారు. మూడు నుంచి ఆరు వారాల్లో ఆకులు వాలి, ఈనెలు కిందికి దిగుతాయి. అప్పుడు ఒక్కసారిగా దండిగా తడి ఇస్తారు. వారం పది రోజుల్లో మొదలు మీద, లావు కొమ్మల మీద మొగ్గల గుత్తులు పొడుచుకొస్తాయి.

మీరూ ఇలాగే చేయండి, కానీ పాత ఆకులు గుత్తులుగా రాలడం మొదలైతే ఇక ఆగకండి, నీరు పెట్టేయండి. వయసు రాని చెట్టును, జబ్బుగా ఉన్న చెట్టును ఎండగట్టకండి.

పూగుత్తులు వేలెడు పొడవు రాగానే కత్తెర పట్టాలి. మనసు ఒప్పదు, నాకూ మొదట్లో చేయి రాలేదు. కానీ ఒకేచోట నాలుగైదు గుత్తులు వదిలితే ఏదీ సరిగా ఎదగదు. ఒక్కో చోట బలమైనది ఒక్కటే ఉంచండి, గుత్తికి గుత్తికి జానెడు దూరం ఉండాలి. పైకి చూసేవి, బొటనవేలి కన్నా సన్నటి కొమ్మల మీద వచ్చినవి తీసేయండి. కిందికి వేలాడేవే గెల బరువు మోస్తాయి.

కాయ కట్టాక నీరు క్రమంగా ఇస్తూ ఉండాలి. ఎండగట్టి ఒక్కసారిగా ముంచితే కాయలు పగులుతాయి, పగిలిన చోట బూజు, చీమలు.

ఏమేం తింటాయి

బెరడు తొలిచే పురుగే అసలు శత్రువు. మొదలు, కొమ్మల మీద బెరడు గరుకుగా పొక్కులు పొక్కులుగా లేచి, దాని కింద ఎర్రటి పొట్టు కనిపిస్తే లోపల పురుగు ఉన్నట్టే. పూమొగ్గలు పుట్టేది ఆ బెరడులోంచే కనుక, బెరడు పోతే కాపూ పోతుంది. ఏడాదికోసారి మొద్దు కత్తితో గరుకు బెరడును పైపైన గీకి పురుగుల్ని ఏరేయండి, పచ్చి తగలకూడదు. గీకిన చోట వేప నూనె నీళ్లు చల్లండి. గెలల్లో పిండినల్లి చేరితే చీమలు వస్తాయి, వెనకే మసి తెగులు కాయల్ని నల్లబరుస్తుంది. చీమల దారి ఆపితే సగం పని అయినట్టే. పండు ఈగలకు, గబ్బిలాలకు గెల మొత్తానికి గుడ్డ సంచి తొడగడమే మందు.

కోత

పూత విచ్చినప్పటి నుంచి సుమారు మూడున్నర నెలలకు పండుతుంది. ఇది చెట్టు మీదే పండాలి. మామిడిలా కోసి మాగబెడితే తీపి ఎక్కదు. రంగు తొడిమ వైపు నుంచి కిందికి దిగుతుంది, గెల చివరి కాయలో కూడా పచ్చదనం పోయేదాకా ఆగి ఒకటి రుచి చూసి కోయండి. గెలను లాగకండి, అక్కడి బెరడు ఊడితే వచ్చే ఏడు ఆ చోట పూత రాదు. కొమ్మలు కత్తిరించే కత్తెర (సికేచర్)తో కత్తిరించండి. వాన తడి మీద కోయకండి, మధ్యాహ్నానికి బూజు మొదలవుతుంది. బయట మూడు నాలుగు రోజులకే తొక్క గోధుమరంగుకు తిరుగుతుంది. లోపల పండు అప్పటికి బాగానే ఉంటుంది కానీ కొనేవాళ్లు ఒప్పుకోరు. అమ్మేది ఉంటే ఆ రోజే అమ్మండి.

లంగ్సాట్ ఒలిచే ముందు పనసకాయకు రాసుకున్నట్టే వేళ్లకు చుక్క నూనె రాసుకోండి, పాలు అంటుకోవు. గింజ కొరకకండి, నోరంతా చేదు. తొక్కల్ని ఎండబెట్టి దాచుకోండి. జావాలో, ఫిలిప్పీన్స్‌లో దోమలకు వీటితో పొగ వేస్తారు. మా మామ్మ సాయంత్రం వేపాకు వేసినట్టే నేను నిప్పుల మీద ఈ తొక్కలు వేస్తాను. కిటికీ తెరిచి ఉంచండి, పొగ ఘాటుగా ఉంటుంది.